పాఠకుల ప్రశ్నలు: ఈఎస్ఐ అనారోగ్య భృతి ఎందుకు రాలేదు?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, గురించినవి ఎప్పుడూ ఉంటాయి. వాటిలోనూ ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు చుట్టూ తిరుగుతాయి: ప్రతి నెలా జీతంలో నుంచి కోత పడుతున్నా, డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చినా, తీరా జబ్బు చేసి మంచం పట్టినప్పుడు, పనికి వెళ్లలేని రోజులకు ఇచ్చే అనారోగ్య భృతి డబ్బు రాదన్నారని. అందుకని ఈసారి స్థలమంతా ఆ విషయానికే కేటాయించి, నాలుగు ఉత్తరాలకు సమాధానాలు ఇస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారి పేర్లు తీసేశాను.

ప్రశ్న: అయ్యా, మాది శ్రీకాకుళం జిల్లా. నేను 2021 నుంచి హైదరాబాదు జీడిమెట్లలో ఒక ప్లాస్టిక్ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. రోజుకు 600 రూపాయల కూలి, ఈఎస్ఐ కోత ఉంది. మొన్న 2025 మార్చి 3 నుంచి 23 వరకు కామెర్లతో పడుకున్నాను. డిస్పెన్సరీ డాక్టరు గారు మొత్తం 21 రోజులకు సర్టిఫికెట్ ఇచ్చారు. బ్రాంచి ఆఫీసుకు వెళితే కంప్యూటరులో చూసి, మీకు 53 రోజులే ఉన్నాయి, 78 కావాలి, రాదు అన్నారు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఒక్క నాగా కూడా లేకుండా పనిచేశానని చెప్పినా వినలేదు. నిరుడు జూన్, జూలై నెలల్లో మా నాన్నగారికి తుంటి ఎముక విరిగితే ఊరికి వెళ్లిపోయిన మాట నిజమే. తిరిగి ఆగస్టులో వచ్చేసరికి పాత కాంట్రాక్టరు మారిపోయాడు, కొత్తతని కింద అదే కంపెనీలో చేరాను. ఆగస్టులో 20 రోజులు, సెప్టెంబరులో 25 రోజులు చేశాను. జీతం చీటీల్లో ఈఎస్ఐ కోత చూపించారు. ఇదేమిటని అడిగితే, ఎక్కువ మాట్లాడితే పనిలోకి రావద్దని సూపర్‌వైజరు అంటున్నాడు. నాకు డబ్బు వచ్చే దారి ఉందా?

సమాధానం: ఉంది. మీ ఉత్తరంలో రాసిన వివరాలు జీతం చీటీలతో సరిపోలితే, మీకు భృతి పొందే హక్కు ఉందనే నా అభిప్రాయం. అయితే మీరు ఆఫీసులో చేసిన వాదన, అంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నాగా లేకుండా పనిచేశానన్నది, ఈ జబ్బుకు పనికిరాని వాదన. పనికొచ్చే వాదన మీ ఆగస్టు, సెప్టెంబరు చీటీలలో ఉంది. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే ముందు లెక్క ఎలా నడుస్తుందో చూడాలి.

మీ కూలిలోంచి కోసేదాన్నీ, యజమాని తన వాటాగా కట్టేదాన్నీ కలిపి చందా అంటారు. ఈఎస్ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా విడదీస్తుంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు ఒకటి, అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు మరొకటి. ఒక్కొక్క చందా కాలానికి జతగా ఒక్కొక్క లబ్ధి కాలం, అంటే ఆ చందాల మీద భృతి పొందగలిగే కాలం, ఉంటుంది, కానీ అది వెంటనే మొదలు కాదు, మధ్యలో మూడు నెలల ఎడం ఉంటుంది. ఏప్రిల్-సెప్టెంబరు చందాలకు దక్కే లబ్ధి కాలం మరుసటి జనవరి 1 నుంచి జూన్ 30 వరకు. అక్టోబరు-మార్చి చందాలకు దక్కేది తర్వాతి జూలై 1 నుంచి డిసెంబరు 31 వరకు. ఈ ఏడు తినే గింజలు నిరుటి పంటవి అన్నట్టుగా, జబ్బు చేసిన రోజు ఏ లబ్ధి కాలంలో పడిందో చూసి, దానికి జతగా ఉన్న పాత చందా కాలంలో మీకు కనీసం 78 రోజుల చందా ఉందా లేదా అని మాత్రమే చూస్తారు. ఆ తర్వాత ఎన్ని నెలలు పనిచేశారన్నది కానీ, ఈఎస్ఐలో చేరి ఎన్నేళ్లయిందన్నది కానీ ఈ లెక్కలోకి రాదు.

మీ జబ్బు 2025 మార్చిలో వచ్చింది కనుక, చూడవలసినది 2024 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు. అక్టోబరు నుంచి మీరు చేసిన పని వృథా పోలేదు, అది 2025 జూలై తర్వాత అవసరం పడితే మిమ్మల్ని ఆదుకుంటుంది. ఆఫీసులో ఉద్యోగి చెప్పిన 53 రోజులు ఏప్రిల్‌లో 26, మే నెలలో 27 అయి ఉండాలి. అంటే పాత కాంట్రాక్టరు కట్టినవి మాత్రమే కంప్యూటరులో కనబడుతున్నాయి. కొత్త కాంట్రాక్టరు దగ్గర మీరు చేసిన 20, 25 కలిపి 45 రోజులు అక్కడ లేవు. అవి కలిస్తే 98 రోజులవుతాయి, కావలసినది 78. మీరు ఊరికి వెళ్లిన రెండు నెలలు తీసేసినా అర్హతకు ఏ లోటూ లేదు.

ఆ 45 రోజులు కనబడకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ముందుగా తేలికైన దాన్ని చూసుకోండి. కాంట్రాక్టరు మారినప్పుడు పాత బీమా నంబరు, అంటే ఐపీ నంబరు, అడగకుండా మనిషిని కొత్తగా నమోదు చేసేయడం పారిశ్రామిక వాడలలో తరచుగా జరుగుతోంది. అలా జరిగితే మీ చందా కట్టే ఉంటుంది కానీ వేరొక నంబరు మీద ఉంటుంది, ఆఫీసులో పాత నంబరు కొట్టి చూస్తే కనబడదు. ఆగస్టు తర్వాత ఇచ్చిన చీటీ మీద ఉన్న ఐపీ నంబరునూ, మీ పాత ఈ-పహచాన్ కార్డు, అంటే ఈఎస్ఐ గుర్తింపు కార్డు, మీది నంబరునూ పక్కపక్కన పెట్టి అంకెలు సరిచూడండి. తేడా ఉంటే రెండింటినీ కలిపి ఒకటిగా చేయమని, ఆధార్ నకలు జతచేసి బ్రాంచి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. ఈఎస్ఐ పోర్టల్‌లో బీమాదారు లాగిన్ ద్వారా కానీ, ఉమంగ్ యాప్ ద్వారా కానీ నెలనెలా ఎన్ని రోజులకు చందా పడిందో మీరే చూసుకోవచ్చు. ఫోనులో చూడడం అలవాటు లేకపోతే, మీతో పనిచేసే చదువుకున్న కుర్రవాడెవరినైనా సాయం అడగండి.

నంబరు ఒకటే అయి, చందా ఎక్కడా పడలేదంటే, కోసిన డబ్బు జమ చేయలేదన్నమాట. చాలామంది కార్మికులు ఇక్కడే ఆశ వదిలేసుకుంటారు. వదులుకోవలసిన అవసరం లేదు. అనారోగ్య భృతికి అర్హత చెప్పే నిబంధన, ఈఎస్ఐ కేంద్ర నియమాలలో 55వది, ఆ చందా కాలంలో ఎన్ని రోజులకు చందా చెల్లించవలసి ఉందో అడుగుతుంది తప్ప యజమాని నిజంగా తీసుకువెళ్లి జమ చేశాడా అని అడగదు. కూలి ఇచ్చిన ప్రతి రోజుకూ చందా చెల్లించవలసిందే. కనుక ఆ 45 రోజులకు మీకు కూలి వచ్చిందని రుజువు చేయగలిగితే, జమ కాకపోవడం మీ తప్పుగా లెక్కకు రాదు. అంతేకాదు, మీ చందా కోసిన నాటికీ మీకు జబ్బు చేసిన నాటికీ అమలులో ఉన్న 1948 నాటి ఈఎస్ఐ చట్టం (2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది) 68వ సెక్షన్ ప్రకారం, యజమాని చందా కట్టకపోవడం వల్ల కార్మికుడికి భృతి రాని పరిస్థితి ఏర్పడితే, కట్టి ఉండవలసిందని సంతృప్తి చెందాక ఈఎస్ఐని నడిపే కార్పొరేషనే ఆ భృతిని చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. మీరు ఈ సెక్షన్ నంబరును దరఖాస్తులో రాయండి. నోటితో చెప్పిన మాటను పక్కన పెట్టినంత సులువుగా, కాగితం మీద రాసిన సెక్షన్‌ను పక్కన పెట్టలేరు.

కాంట్రాక్టరు తప్పించుకు తిరుగుతున్నాడని మీరు భయపడనక్కరలేదు. కాంట్రాక్టు కార్మికుల చందాకు కూడా మొదటి బాధ్యత అసలు యజమానిది, అంటే మీరు పనిచేసే కంపెనీది. కంపెనీ కట్టి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టుకోవాలి. ఇక కార్మికుడి కూలిలోంచి కోసి కూడా జమ చేయకపోవడం చిన్న పొరపాటు కాదు. కోసుకున్న ఆ డబ్బును చట్టం యజమానికి నమ్మి అప్పగించిన సొమ్ముగా చూస్తుంది. దాన్ని కట్టని నేరానికి ఆ 1948 నాటి చట్టం 85వ సెక్షన్ కింద ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, పది వేల రూపాయల జరిమానా ఉండేవి.

అసలు ఎంత డబ్బు కోసం ఇదంతా జరిగిందో ఒకసారి చూడండి. కార్మికుడి వాటా కూలిలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 2019 జూలై 1 నుంచి ఇవే రేట్లు. మీ ఆగస్టు కూలి 12,000 రూపాయలు కనుక మీ దగ్గర కోసినది 90 రూపాయలు అయి ఉండాలి. సెప్టెంబరు కూలి 15,000 కనుక నూట పన్నెండున్నర వస్తుంది, పై రూపాయికి సరిచేసి 113 కోస్తారు. చీటీలలో ఈ అంకెలే ఉన్నాయా చూడండి, ఉంటే ఇవే మీకు గట్టి సాక్ష్యం. ఇంతా కలిపి 203 రూపాయలు. మీకు రావలసినది ఎంతంటే, ఆ చందా కాలపు సగటు రోజు కూలిలో 70 శాతం, అంటే రోజుకు 420 రూపాయలు. మొదటి రెండు రోజులు నిరీక్షణ దినాలుగా పోతాయి. ఇంతకు ముందు జబ్బు ముగిసిన 15 రోజుల లోపు మళ్లీ జబ్బు చేస్తేనే ఆ రెండు రోజులు పోవు. మీకు అలాంటిది లేదు కనుక 21 రోజులలో 19 రోజులకు లెక్క కట్టాలి. 7,980 రూపాయలు. కామెర్లతో మూడు వారాలు కూలి లేకుండా గడిపిన ఇంటికి ఆ మొత్తం ఎంత అవసరమో నేను చెప్పనక్కరలేదు. రెండు వందల రూపాయలు జమ చేయని నిర్లక్ష్యం దాన్ని ఆపేసింది. ఇలాంటివి చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు చేయవలసినది. మొదట, రాదు అన్న మాటను కాగితం మీద తీసుకోండి. నా క్లెయిమును ఏ కారణం చేత తిరస్కరించారో, ఏ చందా కాలంలో ఎన్ని రోజులు లెక్కించారో లిఖితపూర్వకంగా తెలియజేయమని ఒక దరఖాస్తు రాసి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. రెండవది, ఆగస్టు, సెప్టెంబరు జీతం చీటీలు, బ్యాంకులో కూలి పడిన పాసుబుక్కు పేజీ, హాజరు కార్డు ఉంటే దాని ఫొటో, గేటు పాసు, ఇవన్నీ నకళ్లు తీసి జతచేసి, ఆ 45 రోజుల చందా గురించి విచారణ జరిపించమని బ్రాంచి మేనేజరుకూ ప్రాంతీయ కార్యాలయానికీ రాయండి. చందా ఎగవేతపై విచారించే సోషల్ సెక్యూరిటీ ఆఫీసర్లు ఉంటారు, వారు కంపెనీ రిజిస్టర్లు తెప్పించుకుని చూడగలరు. నెలనెలా ఈఎస్ఐ ఆఫీసులో ఫిర్యాదులు వినడానికి జరిగే సువిధా సమాగమంలో కూడా మీ కాగితాలు పెట్టవచ్చు. టోల్ ఫ్రీ నంబరు 1800-11-2526. ఇవేవీ ఫలించకపోతే ఉద్యోగుల బీమా న్యాయస్థానం ఉంది. భృతికి అర్హత ఉందా లేదా అన్న వివాదాన్ని అక్కడే తేల్చాలి, మామూలు సివిలు కోర్టుకు వెళ్లకూడదు. క్లెయిము చేయడానికి పన్నెండు నెలల గడువు ఉంటుంది కనుక, ఎవరో చూస్తామన్నారని ఊరికే ఎదురుచూస్తూ కాలం గడపకండి.

సూపర్‌వైజరు బెదిరింపు గురించి ఒక మాట. అనారోగ్య భృతి పొందుతున్న కాలంలో కార్మికుణ్ణి పనిలోంచి తీసేయడం కానీ, శిక్షించడం కానీ చట్టం నిషేధిస్తుంది. మీరు మళ్లీ పనిలో చేరిపోయారు కనుక ఆ రక్షణ ఇప్పుడు నేరుగా వర్తించకపోవచ్చు, కానీ ఫిర్యాదును మీరొక్కరే కాకుండా అదే కాంట్రాక్టరు కింద పనిచేస్తున్న మరికొందరితో కలిసి ఇవ్వడం మంచిది. మీ చందా పడలేదంటే వారి చందా కూడా పడి ఉండదు, వారిలో ఎవరికి ఎప్పుడు ఆసుపత్రి అవసరం పడుతుందో తెలియదు. కార్మిక సంఘం ఉంటే వారి లెటర్‌హెడ్ మీద వెళితే ఇంకా మేలు.

ప్రశ్న: అమ్మా, నేను విశాఖపట్నంలో ఒక బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌గా 2024 డిసెంబరు 1న చేరాను. ఇదే నా మొదటి ఉద్యోగం. 2025 మే నెలలో డెంగీ వచ్చింది. ఈఎస్ఐ ఆసుపత్రిలో పైసా తీసుకోకుండా వైద్యం చేశారు, మందులిచ్చారు, 14 రోజులు పనికి వెళ్లవద్దని సర్టిఫికెట్ ఇచ్చారు. కానీ ఆ 14 రోజుల డబ్బు మాత్రం ఇవ్వలేదు. వైద్యానికి అర్హురాలినైతే డబ్బుకు ఎందుకు కాను?

సమాధానం: మీ సందేహం న్యాయమైనదే, కానీ మీ విషయంలో ఆఫీసు చెప్పినది సరైనదే. వైద్యానికి పెట్టిన షరతు, డబ్బుకు పెట్టిన షరతు వేరువేరు. ఉద్యోగంలో చేరి నమోదైన మొదటి రోజు నుంచే మీకూ, మీ మీద ఆధారపడిన కుటుంబ సభ్యులకూ వైద్యం దొరుకుతుంది. డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ మీరు జబ్బుపడ్డారని, పనికి వెళ్లే స్థితిలో లేరని మాత్రమే చెబుతుంది. భృతి వస్తుందా రాదా అన్నది డాక్టరు తేల్చేది కాదు. ఈ సంగతి డిస్పెన్సరీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెడితే ఎందరికో బ్రాంచి ఆఫీసు చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది.

జీవితంలో మొదటిసారి ఈఎస్ఐ పరిధిలోకి వచ్చినవారికి లెక్క కొంచెం వేరుగా ఉంటుంది. మీ మొదటి చందా కాలం మీరు చేరిన డిసెంబరు 1న మొదలై మార్చి 31తో ముగిసింది. దానికి జతగా ఉన్న లబ్ధి కాలం మీరు చేరిన రోజు నుంచి తొమ్మిది నెలలు పూర్తయ్యాక, అంటే 2025 సెప్టెంబరు 1న మొదలవుతుంది. డెంగీ వచ్చిన మే నెలకు మీకు ఇంకా ఏ లబ్ధి కాలమూ తెరుచుకోలేదు. సెప్టెంబరు తర్వాత జబ్బు చేస్తే మాత్రం మీకు ఒక వెసులుబాటు ఉంది. మొదటి చందా కాలం 156 రోజుల కంటే తక్కువైతే 78 రోజులు పూర్తికానక్కరలేదు, ఆ కాలంలో పనిచేయడానికి వీలున్న రోజులలో సగానికి తక్కువ కాకుండా చందా ఉంటే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ తొమ్మిది నెలల నిరీక్షణ మొదటిసారి చేరినవారికే. రేపు మీరు ఈ షాపు మానేసి మరొక చోట చేరితే, పాత ఐపీ నంబరే అక్కడ ఇవ్వాలి. కొత్త యజమాని తెలియక కొత్త నంబరు తీయిస్తే, కంప్యూటరు మిమ్మల్ని మళ్లీ కొత్తగా చేరిన మనిషిగానే చూస్తుంది, ఎన్నాళ్లో కట్టిన చందాలు పాత నంబరు కింద మిగిలిపోతాయి. మీ ఈ-పహచాన్ కార్డును ఆధార్ కార్డుతో పాటు భద్రంగా దాచుకోండి.

మరొక విషయం కూడా చెప్పాలి. మీకు వచ్చినది జబ్బు. అది కాకుండా షాపులో నిచ్చెన మీద నుంచి పడి కాలు విరిగినట్టయితే, చేరిన మొదటి రోజే జరిగినా సరే, చందా రోజుల షరతు ఏమీ ఉండదు. పనిలో కలిగిన గాయానికి ఇచ్చే తాత్కాలిక వైకల్య భృతి సగటు కూలిలో 90 శాతం ఉంటుంది. ఇంటి నుంచి పనికి వెళ్లేటప్పుడో, పని నుంచి తిరిగి వచ్చేటప్పుడో దారిలో జరిగిన ప్రమాదం కూడా, ఆ ప్రయాణానికీ ఉద్యోగానికీ ఉన్న సంబంధం రుజువైతే, ఇందులోకే వస్తుంది. అలాంటి ప్రమాదాన్ని సాధారణ జబ్బుగా రాయించుకుని, 78 రోజులు లేవని తిరిగి వచ్చేసినవారు ఉన్నారు. ప్రమాదం జరిగిన వెంటనే దాన్ని యాక్సిడెంట్ రిజిస్టరులో రాయించమని, ఈఎస్ఐకి రిపోర్టు పంపించమని యజమానిని అడగాలి.

ప్రశ్న: అయ్యా, మా ఆయన గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో 2019 నుంచి పని చేస్తున్నారు. ఆయనకు ఊపిరితిత్తుల క్షయ వచ్చింది. మూడు నెలలు ఈఎస్ఐ డబ్బు వచ్చింది. ఇప్పుడు 91 రోజులు అయిపోయాయి, ఇక రాదు అంటున్నారు. డాక్టరేమో ఇంకా పనికి వెళ్లకూడదు, మందులు ఆపకూడదు అంటున్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉన్నారు.

సమాధానం: అమ్మా, 91 రోజులతో ఆగిపోయేది మామూలు అనారోగ్య భృతి. ఏడాదిలో, అంటే వరుసగా వచ్చే రెండు లబ్ధి కాలాలలో కలిపి, దాన్ని 91 రోజులకు మించి ఇవ్వరు. కానీ దీర్ఘకాలం పట్టే జబ్బులకు విడిగా మరొక ఏర్పాటు ఉంది. దానిని పొడిగించిన అనారోగ్య భృతి అంటారు. ఈఎస్ఐ గుర్తించిన 34 జబ్బుల జాబితాలో క్షయ ఉంది. క్యాన్సర్, కుష్ఠు, పక్షవాతం, దీర్ఘకాల మూత్రపిండాల వైఫల్యం కూడా ఉన్నాయి. మీవారికి ఆ ఏర్పాటు గురించి ఎవరూ చెప్పలేదంటే నాకు బాధ కలిగింది, ఎందుకంటే 91 రోజులు అయ్యాయని చెప్పే నోటితోనే ఈ మాట కూడా చెప్పవలసింది.

దీనికి షరతులు రెండు. జబ్బు బయటపడేనాటికి రెండేళ్లుగా ఈఎస్ఐ వర్తించే ఉద్యోగంలో ఉండాలి. అంతకు ముందు వరుసగా వచ్చిన నాలుగు చందా కాలాలలో కలిపి కనీసం 156 రోజుల చందా ఉండాలి. 2019 నుంచి మిల్లులోనే ఉన్నారు కనుక, పెద్ద నాగాలు లేకపోతే ఈ రెండూ మీవారికి సులభంగానే సరిపోతాయి. భృతి కూడా 70 శాతం కాదు, సగటు కూలిలో 80 శాతం. మొదట 124 రోజులకు మంజూరు చేస్తారు, జబ్బు తీవ్రతను బట్టి వైద్యుల సిఫారసు మీద రెండేళ్ల వరకు పొడిగించే వీలుంది.

చేయవలసినదల్లా, క్షయ నిర్ధారణ అయిన పరీక్షల కాగితాలు, కఫం పరీక్ష, ఎక్స్‌రే రిపోర్టులు పట్టుకుని డిస్పెన్సరీ డాక్టరు ద్వారా ఈఎస్ఐ ఆసుపత్రి స్పెషలిస్టుకు చూపించి, జబ్బు పేరును స్పష్టంగా రాయించుకుని, బ్రాంచి ఆఫీసులో పొడిగించిన భృతి కోసం విడిగా దరఖాస్తు ఇవ్వడం. సర్టిఫికెట్ మీద దగ్గు, నీరసం అని రాసి ఉంటే ఆఫీసువారికి అది జాబితాలోని జబ్బుగా కనబడదు, అందుకే పేరు ముఖ్యం. మధ్యలో ఒక్క వారానికి కూడా సర్టిఫికెట్ తెగిపోకుండా చూడండి. పనికి వెళ్లని ప్రతి రోజుకూ సర్టిఫికెట్ ఉండాలి. మందులు మాత్రం డబ్బు వచ్చినా రాకపోయినా ఆపవద్దు, క్షయకు ప్రభుత్వ ఆసుపత్రులలోనూ ఉచితంగానే ఇస్తారు.

ప్రశ్న: నేను విజయవాడలో ఒక హోటల్లో క్యాషియర్‌ని. రాత్రివేళ కడుపునొప్పి రావడంతో దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. 25 రోజులు విశ్రాంతి అన్నారు. నా చందా రోజులు 150కి పైగా ఉన్నాయి. అయినా క్లెయిము తిరస్కరించారు. ఒక కారణం, ప్రైవేటు డాక్టరు సర్టిఫికెట్ చెల్లదని. రెండోది, హోటలువారు అందులో 10 రోజులు జీతంతో కూడిన సెలవుగా రాశారని.

సమాధానం: రెండో కారణం సగమే సరైనది. జీతంతో కూడిన సెలవు తీసుకున్న రోజుకు అనారోగ్య భృతి రాదన్నది నిజం. ఒకే రోజుకు యజమాని దగ్గర జీతం, ఈఎస్ఐ దగ్గర భృతి రెండూ ఇవ్వరు. కానీ అది ఆ 10 రోజులకే వర్తిస్తుంది, మిగిలిన 15 రోజులను దానితో కలిపి కొట్టేయకూడదు. జీతం ఏ తేదీలకు ఇచ్చారో, ఏ తేదీలకు ఇవ్వలేదో హోటలు వారి దగ్గర తేదీలవారీగా రాయించుకుని ఇవ్వండి.

మొదటి కారణం గురించి. మామూలుగా ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. అయితే పరిస్థితులు సమర్థిస్తే ఇతర రిజిస్టర్డ్ డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్‌ను కూడా ఆధారంగా అంగీకరించే అధికారం కార్పొరేషన్‌కు నిబంధనలు ఇచ్చాయి. అది వారి విచక్షణ మీద ఆధారపడినది కనుక, ఆ విచక్షణకు తగిన సామగ్రి మీరే అందించాలి: ఆసుపత్రిలో చేరిన సమయం రాసిన కాగితం, ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు. అర్ధరాత్రి అత్యవసర ఆపరేషన్ అని ఆ కాగితాలలోనే తెలిసేటట్టు ఉండాలి. డిశ్చార్జి అయ్యాక ఒకసారైనా డిస్పెన్సరీకి వెళ్లి ఉంటే ఆ చీటీ కూడా జతచేయండి. వెళ్లకపోయి ఉంటే, ఎందుకు వెళ్లలేకపోయారో దరఖాస్తులో రెండు వాక్యాలలో రాయండి. ఆపరేషన్ ఖర్చు తిరిగి ఇవ్వమని కోరడం దీనికి సంబంధం లేని వేరే క్లెయిము. దానికి వేరే దరఖాస్తు పెట్టండి, రెండింటినీ ఒకే కాగితం మీద రాస్తే రెండూ ఆలస్యమవుతాయి.